మీగడ మామూలే

కార్తీక శుద్ధ షష్ఠి

కొత్త పుస్తకం మొదలుపెట్టేవాళ్ళు పాత పుస్తకం చివరి రోజు ఎలా గడిచిందో మొదటి పేజీలో రాయాలి. ఇరవయ్యో రాయి దగ్గర కరకట్ట మీద ఇళ్ళు వెలిసినప్పటి నుంచీ ఇదే పద్ధతి. పాత పుస్తకం నా భార్య హైమావతిది. ఆ చివరి రోజూ ఆమెదే.

శ్రావణ బహుళ తదియ. పొద్దున ఆరింటికి హైమ మా కుక్క మిరియాన్ని తీసుకుని కట్ట మీద మూడు కిలోమీటర్లు నడిచింది. రెండు పందికొక్కు బొరియలు దొరికాయి. ఎనిమిదింటికి తిరిగొచ్చి, కాటా తీసినచోట పెట్టనందుకు నన్ను తిట్టింది. దోసకాయ పచ్చడితో అన్నం తిన్నది. ఎడమ భుజం లాగుతోందన్నది. పుస్తకంలో రెండు వాక్యాలు రాసింది: ‘మిరియం విరేచనం గట్టిగా, మంచి రంగులో ఉంది. ముక్కు ఇంకా బాగుంది.’ మధ్యాహ్నం పడుకుంది. నాలుగింటికి టీ ఇవ్వబోతే లేవలేదు. గుండె అన్నారు. మందుపెట్టెలో ఉన్నది దానికి పనికొచ్చే మందు కాదు. ఆ సంగతి రెండుసార్లు అడిగి తెలుసుకున్నాను.

మనిషి రాసిన చివరి మాట కుక్క గురించి అయితే ఏమనుకోవాలో మొదట తెలియలేదు. రెండున్నర నెలలు ఆలోచించాక ఆమెకి తగ్గ మాటే అనిపించింది.

పద్ధతి ముగిసింది. ఇక ఈ రోజు.

మిరియం బరువు పదహారున్నర కిలోలు. నల్ల ఆడకుక్క, వయసు నాలుగేళ్ళు. కట్ట లోపలి బొరియల్ని వాసన పట్టడం దాని పని. ఒకప్పుడు ఈ పనికి కట్టలో యంత్రాలు పాతారు. ఉప్పుగాలి వాటిని ఐదేళ్ళలో తినేసింది. మిరియం ముక్కుని ఉప్పు ఏమీ చేయలేదు. బొరియ ఉన్నచోట కూర్చుంటుంది. అక్కడ తవ్వి బంకమట్టి కూరుతాం. కూరకపోతే పెద్ద పోటుకి సముద్రం ఆ బొరియలోంచి లోపలికి వచ్చి మిగతా కట్టని తోడుకుపోతుంది. పద్నాలుగో రాయి అలాగే పోయింది.

ఈ రోజు విరేచనం రెండుసార్లు, కొంచెం పల్చగా. కారణం తెలియదు. ఆకలి బాగానే ఉంది.

పాలకేంద్రంలో దీవెన ఇద్దరి పాలే పోసింది. నేనేమీ అనలేదు. మిరియానికి సాయంత్రం మీగడ పెట్టాను. అది హైమ అలవాటు. నేను కొనసాగిస్తున్నాను.

అష్టమి

నాలుగుసార్లు. నీళ్ళలా.

కుక్కల వైద్యం హైమది. నేను కాలేజీలో గణితం చదివినవాణ్ణి. కొలవడం వచ్చు, నయం చేయడం రాదు. అందుకని ఆమె పాత పుస్తకం తెరిచాను. పల్చటి విరేచనాలకి ఆమె మూడు ప్రశ్నలు రాసిపెట్టింది. ఒళ్ళు కాలుతోందా? నీళ్ళు తాగి నిలుపుకుంటోందా? చిగుళ్ళు నొక్కి వదిలితే ఎరుపు వెంటనే తిరిగొస్తోందా? కింద ఇలా ఉంది: ‘మూడూ బాగుంటే గంజి, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు, ఓపిక. పెట్టె వైపు చూడొద్దు.’ చివరి వాక్యం కింద గీత గీసింది. అది నా కోసం గీసిన గీత.

వేడి నూటొకటిన్నర, కుక్కకి అది మామూలే. నీళ్ళు తాగుతోంది. చిగుళ్ళు బాగున్నాయి. ఉదయం పస్తు ఉంచి, మధ్యాహ్నం నుంచి పల్చటి గంజి పోశాను. దాని ముఖం చూస్తే గంజి నేరమూ నేనే నేరస్తుణ్ణీ అన్నట్టుంది.

కట్ట మేస్త్రి మస్తాన్ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. పౌర్ణమి మర్నాడు పాడ్యమికి ఈ ఏటికల్లా పెద్ద పోటు. దానికి ముందు మూడు కిలోమీటర్లూ మిరియం నడవాలి. ముసలి కుక్క శొంఠి ఉంది గాని, అది ఇప్పుడు బొరియకీ బూరెకీ తేడా చెప్పలేదు. పద్దెనిమిదో రాయి వాళ్ళ కుక్కని అడిగి చూశాడట. పోటు వాళ్ళకీ పోటే కదా అన్నారట.

మూడు రోజుల్లో తగ్గుతుందని మస్తాన్‌కి చెప్పాను. హైమ అదే చెప్పేది. ఆమె చెబితే జనం లేచి వెళ్ళిపోయేవారు. మస్తాన్ ఇంకో టీ అడిగాడు.

మీగడ మామూలే.

నవమి

ఐదుసార్లు. కారణం దొరికింది.

ఇక్కడ కట్ట ముద్ద అని ఒకటుంది. కుక్క నడక ముగించి వస్తుంటే ప్రతి ఇంటివాళ్ళూ ఒక ముద్ద పెడతారు. మా కాపురాలు దాని ముక్కు మీద నిలబడి ఉన్నాయని ఒప్పుకోవడం అది. ముద్ద పెట్టకుండా కుక్కని దాటనిచ్చిన ఇల్లు ఇంతవరకూ లేదు. మిరియానికి గంజి తప్ప ఏమీ పెట్టొద్దని నిన్ననే చెప్పి వచ్చాను. అందరూ తలూపారు.

ఈ రోజు ఉమ్మడి వంటశాల వెనక నాంచారమ్మని పట్టుకున్నాను. ఆమెకి డెబ్బై ఏళ్ళు. ముప్పై ఏళ్ళుగా కట్టంతటికీ వండిపెడుతోంది. చేతిలో ఎండు రొయ్యల పొడి కలిపిన ముద్ద ఉంది. ముందు కాళ్ళు ఆమె మోకాళ్ళ మీద పెట్టి మిరియం ఉంది.

"ఏం అబ్బాయ్, అలా చూస్తావేం?" అన్నది. "నోరులేని దాన్ని పస్తు పెట్టడం మీ కాలేజీలో నేర్పారా?"

గంజి పోస్తున్నానని చెప్పాను.

"గంజి చొక్కాకి పెడతారు. కుక్కకి కాదు."

ఇల్లిల్లూ తిరిగి అడిగాను. మా ఇల్లు కాక ఇరవై రెండు ఇళ్ళు. పద్నాలుగు ఇళ్ళవాళ్ళు ఒప్పుకున్నారు. ఒక్క ముద్దే కదా అన్నారు, పద్నాలుగు మందీ విడివిడిగా. మస్తాన్ ఇంట్లో నెత్తళ్ళ పులుసన్నం. తాను పెట్టలేదనీ, తింటున్న కంచాన్ని అది అలా చూస్తుంటే కంచమే కాస్త పక్కకి జరిగిందనీ అన్నాడు.

అట్టముక్క మీద ‘నాకు గంజి మాత్రమే’ అని రాసి మిరియం మెడలో కట్టాను. సాయంత్రానికి ఎవరో కింద ‘ఉప్పు వేసి’ అని చేర్చారు. అయినా పని జరిగింది. అట్ట చూసి అందరూ జాలిపడ్డారు గాని ఎవరూ పెట్టలేదు.

మీగడ మామూలే.

దశమి

ముద్దలు ఆగాయి. విరేచనాలు ఆగలేదు.

ఈ ఉదయం జిగురుతో పాటు సన్నటి ఎర్రచార కనిపించింది. రక్తం. బరువు పదిహేను కిలోల ఎనిమిది వందలు. వేడి నూటొకటి పాయింట్ ఎనిమిది. నీళ్ళు తాగుతోంది. చిగుళ్ళు బాగున్నాయి. కట్ట మీద అర కిలోమీటరు నడిచి పడుకుంది. బొరియ దొరికి కూర్చుందేమోనని మస్తాన్ పార తెచ్చాడు. తవ్వాక తెలిసింది, అలిసిపోయి కూర్చుందని.

మధ్యాహ్నం అతను పెట్టె మాట ఎత్తాడు. నేను ఎత్తలేదని ఇక్కడ రాసుకుంటున్నాను. ఆలోచించలేదని రాయను.

మా తాతగారి కాలంలో యాంటీబయాటిక్ బిళ్ళలు దుకాణంలో అడిగితే ఇచ్చేవారట. జలుబు చేసినా వేసుకునేవారు, కోళ్ళ మేతలోనూ కలిపేవారు. అలా వాడివాడి ఒక్కొక్క మందే చచ్చింది. మా నాన్నగారి తరంలో పంటి నొప్పితోనూ మనుషులు పోయారు. తరువాత మందులకి సెలవులు మొదలయ్యాయి. ముప్పై ఏళ్ళు ఎవరూ ముట్టని మందు మళ్ళీ కొంచెం పని చేస్తుందని తేలింది. ఇప్పుడు ఒక్కో రాయికీ ఒక్క పెట్టె. తెరిస్తే ఒకరికి సరిపడా మందు బయటికి వస్తుంది. తరువాత మూత దానంతటదే ఆరు నెలలు బిగుసుకుంటుంది. ఆ ఆరు నెలలూ ఇరవయ్యో రాయిలో ఎవరికి ఏమొచ్చినా పెట్టె తెరుచుకోదు.

పెట్టెకి రెండు తాళాలు. ఒకటి వైద్యం తెలిసినవాళ్ళ దగ్గర, ఒకటి తెలియనివాళ్ళ దగ్గర. హైమది మొదటిది, నాది రెండోది. పదకొండేళ్ళలో తెరుద్దామని నేను ఆరుసార్లు అన్నాను. ఐదుసార్లు ఆమె వద్దన్నది. ఇప్పుడు రెండు తాళంచెవులూ మా ఇంట్లోనే రెండు మేకులకి వేలాడుతున్నాయి. వద్దనే మనిషి లేదు.

మస్తాన్ అన్నాడు: "కుక్క పోతే మళ్ళీ పెంచుకుంటాం అన్నా. కట్ట పోతే ఎక్కడుంటాం?"

రేపటి వరకూ ఆగమన్నాను.

మీగడ మామూలే. అది ఒక్కటే ఇష్టంగా తిన్నది.

ఏకాదశి

ఆరుసార్లు. రెండింటిలో ఎర్రచార.

హైమ రాసిన శొంఠి పేజీలు చదివాను. నేను తెరిపించిన ఆ ఒక్కసారి శొంఠి కోసమే. రెండేళ్ళ కిందట. దానికీ ఇలాగే రక్తపు చార. జ్వరం లేదు. మూడు రోజులు ఆగుదామని హైమ, చచ్చిపోతుందని నేను. చివరికి ఆమె తన తాళం తిప్పింది. రెండు రోజుల్లో తగ్గింది. నేను గొప్పగా తిరిగాను. పన్నెండో రోజున మళ్ళీ మొదలైంది. నాలుగు నెలలు పట్టింది. ఆమె ఇలా రాసింది: ‘దానంతట అదే తగ్గేది. మందు పేగులో చెడ్డవాళ్ళతో పాటు పనిచేసేవాళ్ళనీ తరిమేసింది. ఇప్పుడు ఖాళీ ఇల్లు.’ ఆఖరికి ఆరోగ్యంగా ఉన్న మిరియం విరేచనాన్ని నీళ్ళలో కలిపి, వడకట్టి, శొంఠికి వెనక నుంచి ఎక్కించింది. కోలుకుంది. వడకట్టడానికి వాడిన గుడ్డ తనదని తెలిసి నాంచారమ్మ నెల రోజులు మా ఇంటికి రాలేదు.

హైమ నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టావని అడిగింది.

మందు ఎప్పుడు ఇవ్వాలో కూడా రాసింది. నూటమూడు దాటిన జ్వరం, పాలిపోయిన చిగుళ్ళు, నీళ్ళు నిలవకపోవడం. అంటే పేగులోది రక్తంలోకి పాకినప్పుడు. ‘అప్పుడు ఒక్క గంట కూడా ఆగొద్దు’ అన్నది. దాని కిందా గీత ఉంది.

మిరియం వేడి చూశాను. నూటరెండు. మళ్ళీ చూశాను. నూటరెండు. మూడోసారి థర్మామీటరు పెడుతుంటే, నేను జ్వరం ఉందేమోనని భయపడటం లేదనీ, ఉంటే బాగుండునని చూస్తున్నాననీ తెలిసింది. థర్మామీటరు కడిగి పెట్టేశాను.

సాయంత్రం దీవెన వచ్చింది. పాలకేంద్రం ఆమె చూస్తుంది. ఇప్పుడు ఎనిమిదో నెల. పెట్టె మాట కట్టంతా పాకింది. అందరూ తెరవాలనే అంటున్నారట, కానీ ఆమె ఎదురైతే మాట మారుస్తున్నారట. ప్రసవంలో ఏదైనా అయితే కావలసింది ఆ పెట్టే కదా.

"నా గురించి ఆగకండి బాబాయ్ గారూ," అన్నది. "మా అమ్మ నన్ను కన్నప్పుడు అసలు పెట్టే లేదు."

అప్పుడు ఆమె తల్లి ఎన్ని రోజులు మంచంలో ఉందో నాకు తెలుసు. ఆమెకీ తెలుసు. మిరియం వచ్చి ఆమె కాళ్ళ దగ్గర పడుకుంది. దీవెన వంగలేక కాలి బొటనవేలితో దాని చెవి నిమిరింది.

మీగడ మామూలే.

ద్వాదశి

పొద్దున వేడి నూటరెండు పాయింట్ ఎనిమిది. బరువు పదిహేనున్నర. నాలుగు రోజుల్లో పెద్ద పోటు. తెరవాలని నిర్ణయించాను.

నియమం ఇది: తెరిచే ముందు, రెండు తాళాలవాళ్ళూ పెట్టె దగ్గర కూర్చుని గత రోజుల పుస్తకం బిగ్గరగా చదవాలి. ఒకరు చదవాలి, రెండోవారు వినాలి. తొందరలో ఎవరూ పెట్టె తెరవకుండా ఎవరో తెలివైనవాళ్ళు పెట్టిన నియమం. హైమ తాళంచెవి తాను పట్టుకుంటానని మస్తాన్ అన్నాడు. తెరవమన్నవాడివే నువ్వు, వినేవాడివి ఎలా అవుతావన్నాను. తెరిస్తే ఎవరికి నష్టమో వాళ్ళే వినాలని దీవెనని పిలిపించి, హైమ తాళంచెవి ఆమె చేతిలో పెట్టాను. కట్ట ఆఫీసు గదిలో ఆమె బల్ల మీద, నేను కుర్చీలో. గుమ్మంలో మస్తాన్, నాంచారమ్మ, ఇంకా ఎవరెవరో. మిరియం పెట్టె పక్కనే పడుకుంది.

షష్ఠి నుంచి మొదలుపెట్టాను. మొదటి పేజీ చదవాల్సి వస్తుందని అనుకోలేదు. పాత పుస్తకం చివరి రోజు చదివాను. గొంతు బాగానే పలికింది. కుక్క గురించి రాసిన రెండు వాక్యాల దగ్గర నాంచారమ్మ ముక్కు చీదింది.

అష్టమి చదివాను. ‘మీగడ మామూలే.’ నవమి చదివాను. కంచం జరిగిన సంగతికి అందరూ మస్తాన్ వైపు చూశారు. ‘మీగడ మామూలే.’ దశమి చదివాను.

"ఆగండి బాబాయ్ గారూ," అన్నది దీవెన. "మీగడ మామూలే అంటే?"

హైమ అలవాటని చెప్పాను. రోజూ సాయంత్రం మిరియానికి పెట్టేదని.

"పిన్నిగారు వేలి చివర కాస్త అద్ది నాకించేవారు. ఎన్నిసార్లు చూశానో. మీరెంత పెడుతున్నారు?"

మీగడ నేను ముట్టను, చిన్నప్పటి నుంచీ. మా ఇంట్లో మీగడ తినేది హైమ. ఆమె పోయాక కూడా పాలు ఇద్దరివే వస్తున్నాయి, మీగడా ఇద్దరి పాలదే కడుతోంది. పారేయడానికి చేయి రాలేదు. హైమ గిన్నెలో వేసి మిరియం ముందు పెడుతున్నాను.

"మొత్తం గిన్నెడూ," అన్నాను.

దీవెన తల దించుకుంది. తప్పు సగం తనదన్నది. ఆశ్వయుజం చివర కొత్త గేదె ఈనింది. ఆ పాలు చిక్కగా ఉన్నాయని అప్పటి నుంచీ మా గిన్నెలోకి అవే పోస్తోందట. బాబాయ్ గారు చిక్కిపోయారు, మంచి పాలు తాగనీ అనుకుందట.

"పాల జాబితాలో పిన్నిగారి పేరు కొట్టేయాలి," అన్నది. "ఇంటివాళ్ళు వచ్చి నోటితో చెప్పాలి. మీరు చెప్పలేదు. నేనూ అడగలేదు."

అప్పటి నుంచీ పేగు చిక్కటి మీగడతో యుద్ధం చేస్తోంది. నేనేమో ఒక పక్క గంజి పోసి, ఇంకో పక్క శత్రువుకి గిన్నెతో సాయం పంపుతున్నాను. పైగా ప్రతిరోజూ అదే మాట ఈ పుస్తకంలో నా చేత్తోనే రాశాను. అది తిండని తోచలేదు. హైమ చేసే పని అనే తోచింది.

గుమ్మంలోంచి మస్తాన్ అన్నాడు: "ఇరవై రెండు ఇళ్ళ మీద పడి ముద్దలు మాన్పించావు. ఇరవై మూడో ఇల్లు చూసుకోలేదా అన్నా?"

ముందు నవ్వింది నాంచారమ్మ. తరువాత అందరూ. చివరికి నేనూ. నవ్వి మూడు నెలలు కావస్తోందని ఇంటికొచ్చాక లెక్కేశాను.

నవ్వు ఆగాక మస్తాన్ అసలు మాట అడిగాడు. కారణం మీగడే అని ఏం గ్యారంటీ? ఆగి, తగ్గకపోతే? నడకకి ఇంకా మూడు రోజులే ఉంది. అది నిజమే. వేడి మళ్ళీ చూశాను. నూటరెండున్నర. చిగుళ్ళు నొక్కి వదిలాను, ఎరుపు వెంటనే వచ్చింది. గిన్నెలో నీళ్ళు పోస్తే తాగింది.

దీవెన చేతిలోని తాళంచెవిని బల్ల మీద పెట్టింది.

"ఎల్లుండి వరకూ వద్దు," అన్నది. "జ్వరం నూటమూడు దాటితే అర్ధరాత్రైనా నన్ను లేపండి. లేకపోతే ఎల్లుండి మళ్ళీ చదవండి, మళ్ళీ వింటాను."

పదకొండేళ్ళుగా వింటున్న మాట అది. గొంతు మాత్రం వేరు. నా తాళంచెవిని నేనూ బల్ల మీద పెట్టాను.

ఈ రోజు మీగడ లేదు. మిరియం గిన్నె పెట్టే చోట కూర్చుని చాలాసేపు నా వైపు చూసింది. బొరియ దొరికినప్పుడు కూర్చున్నట్టే కూర్చుంది.

త్రయోదశి

మూడుసార్లు. ఎర్రచార లేదు. వేడి నూటొకటిన్నర. గంజిలో ముళ్ళు తీసిన ఉడికించిన చేప రెండు చెంచాలు కలిపాను. మీగడని వంటశాలకి పంపాను. నాంచారమ్మ దానితో నెయ్యి కాచి, మా ఇంటి మీదుగా గాలి వీచే వేళ చూసి మూత తీసిందని నా అనుమానం.

చతుర్దశి

ఒక్కసారి. పొద్దున ఏడింటికి, మస్తాన్ ఇంటి ముందు. గట్టిగా, మంచి రంగులో.

మస్తాన్ కేక వేశాడు. జనం వచ్చారు. దీవెన మెల్లగా నడిచి వచ్చింది. నాంచారమ్మ చేతిలో గరిటెతో వచ్చింది. అందరం చుట్టూ నిలబడి చూశాం. ఇరవయ్యో రాయిలో ఇంతమంది మెచ్చుకున్నది ఈ మధ్య మరొకటి లేదు. మిరియం మాత్రం సిగ్గుపడి మస్తాన్ పడవ వెనక్కి వెళ్ళింది.

పెట్టె మూసే ఉంది.

పౌర్ణమి

ఆరింటికి బయలుదేరాం. నేను, మస్తాన్, మిరియం. మెడలో అట్ట తీసేశాను. హైమ నడిచిన తోవలో నేను నడవడం ఇదే మొదటిసారి; ఆమె పోయాక మిరియాన్ని మస్తానే నడిపించాడు. తోవ బాగుంది. ఒక పక్క సముద్రం, ఒక పక్క మడులు, మధ్యలో మనిషి వెడల్పు నేల.

ఒకటో కిలోమీటరులో ఒక బొరియ. రెండో కిలోమీటరులో రెండు. మిరియం కూర్చుంటుంది, మస్తాన్ తవ్వుతాడు, నేను బంకమట్టి కూరుతాను. రెండున్నర దాటాక దానికి ఓపిక అయిపోయింది. మస్తాన్ మట్టి తట్టలో గోనె పరిచి దాన్ని కూర్చోబెట్టి నెత్తిన పెట్టుకున్నాడు. తట్ట అంచు మీద గడ్డం ఆనించి, రాణిలా గాలి వాసన చూస్తూ వచ్చింది. వంటశాల వెనకకి రాగానే తట్టలోనే లేచి మొరిగింది. దింపాం. సరిగ్గా నాంచారమ్మ అంట్ల చోటు పక్కన కూర్చుంది.

ముద్ద అలవాటుకి కూర్చుందన్నాడు మస్తాన్. అయినా తవ్వాడు. చేయి భుజం దాకా లోపలికి పోయింది. కట్ట అవతలి వైపు నుంచి ఊరిన సముద్రపు నీళ్ళు వేళ్ళకి తగిలాయి. అప్పుడు ఎవరం నవ్వలేదు. కట్టంతా వచ్చింది. ఇరవై మూడు ఇళ్ళవాళ్ళం మధ్యాహ్నం మూడింటి దాకా మట్టి మోశాం. నాంచారమ్మ కూడా తట్ట ఎత్తింది. ముప్పై ఏళ్ళుగా తన కింద పందికొక్కు కాపురం ఉందని తెలియనందుకు ఎవరిని తిట్టాలో తెలియక మస్తాన్‌ని తిట్టింది.

పాడ్యమి

పోటు ఉదయం తొమ్మిదీ నలభైకి నిండింది. నీళ్ళు కట్ట పైఅంచుకి రెండడుగుల దాకా వచ్చాయి. వంటశాల వెనక కొత్త మట్టి మీద చేయి పెట్టి కూర్చున్నాను. తడి లేదు. పదకొండింటికి సముద్రం వెనక్కి తగ్గింది. మస్తాన్ మూడు కిలోమీటర్లూ తిరిగి వచ్చి, మిరియం ముందు కూర్చుని దాని ముక్కు మీద చేయి పెట్టాడు.

మధ్యాహ్నం నాంచారమ్మ వచ్చింది. చేతులు వెనక దాచుకుని, ఒక ముద్ద పెట్టొచ్చా అని అడిగింది. ముప్పై ఏళ్ళలో ఆమె అనుమతి అడగడం నేను చూడలేదు. వట్టి అన్నం, చేప, ఒక్క ముద్ద అన్నాను. ఆమె ముద్ద చాలా పెద్దది. ఒక్కటే కాబట్టి ఊరుకున్నాను.

తరువాత దీవెన దగ్గరికి వెళ్ళాను. హైమ తాళంచెవి ఇచ్చాను. పాత పుస్తకం కూడా. వైద్యం తనకి రాదన్నది. హైమకీ మొదట రాదనీ, ఈ పుస్తకం రాస్తూ నేర్చుకుందనీ చెప్పాను. ఆమె పేజీలు తిప్పి, గీత గీసిన చోట ఆగింది.

"నేను వద్దంటే రెండు రోజులు మాట్లాడటం మానేస్తారేమో," అన్నది.

"అది హైమ పద్ధతి. నేను మాట్లాడుతూనే ఉంటాను."

"అయితే ఇంకా కష్టం," అని తాళంచెవిని కొంగుకి ముడేసుకుంది.

ఇంటికొచ్చి చూస్తే గోడ మీద ఒక మేకు ఖాళీగా ఉంది. మిరియం కట్టుతాడు దానికి తగిలించాను.

మిరియం బరువు పదహారు. వేడి నూటొకటిన్నర. విరేచనం గట్టిగా, మంచి రంగులో ఉంది. ముక్కు ఇంకా బాగుంది.

రేపు ఉదయం పాలకేంద్రానికి వెళ్ళి, జాబితాలో హైమ పేరు కొట్టేయమని నోటితో చెబుతాను. చిన్న గిన్నె తీసుకెళ్తాను.